నాలుగంగుళాలు

ఫ్రెస్నోలో జనవరి పొగమంచు
షెడ్డు తలుపు దాకా వచ్చి నిలబడుతుంది,
అప్పడగడానికొచ్చి నోరు పెగలని మనిషిలా.
లోపల రెండు హీటర్ల మధ్య
యాభయ్యో సంవత్సరం మెర్క్యురీ.
సీట్లు లేవు, అద్దాలు లేవు.

కప్పు లోపలి గుడ్డ లాగేస్తుంటే
డ్రైవరు నెత్తికి సరిగ్గా పైన
అరిగి జిడ్డెక్కిన గుండ్రటి మరక.
"తాతయ్య టోపీ" అంది మరిసేలా.
ఎలోయ్ బాకా, ఆరడుగుల రెండంగుళాలు,
కిస్‌మిస్ ద్రాక్షతోటల్లో మేస్త్రీ.
ముప్పయ్యేళ్ళు టోపీ తియ్యకుండా నడిపాడట.
చర్చి ముందు మాత్రం తీసి
పక్క సీటు మీద పెట్టేవాడట.
ఆ రోజుల్లో కార్లకి అంతెత్తు అందుకే,
మగాడి టోపీకి కూడా చోటు లెక్కకట్టి చేసేవాళ్ళు.

"ఎంత తియ్యమంటావు?"
"నాలుగు."
"మూడు చాలు. పోనీ, మూడున్నర."
"నాలుగు."
బేరం ఆమె ఇంట్లోనే ఆడుకుని వచ్చింది.

కోసేముందు లోపల అడ్డంగా ఇనప కడ్డీలు అతికాం.
లేకపోతే కప్పు లేచిన క్షణాన
ఒళ్ళంతా పక్కలకి విచ్చుకుంటుంది,
తలుపులు మళ్ళీ ఈ జన్మలో పడవు.
స్తంభాల మీద నీలం టేపు,
టేపు మీద సుద్దగీత,
గీత మీద నా నోటి ఆవిరి.
మూడుసార్లు కొలిచాను.
నాలుగోసారి కొలిచేది భయం, టేపు కాదు
అన్నాడు ఆర్షాగ్, రంపం నా చేతిలో పెడుతూ.

డెబ్బై ఏళ్ళ ఉక్కు తెగేటప్పుడు ఏడవదు,
అరుస్తుంది.
పక్క షెడ్డు కుక్క బదులు చెప్పింది.
నలుగురం నాలుగు మూలలా పట్టి
ఉట్టి మీది కుండని దించినట్టు
కప్పుని దించాం.

కలవలేదు.
కోసి దించితే సరి అనుకుంటారు చూసేవాళ్ళు.
స్తంభాలు నిలువుగా ఉంటే సరే.
ఇవి లోపలికి వాలి ఉంటాయి,
కింద వెడల్పు, పైన ఇరుకు.
పొట్టి చేసినకొద్దీ పైది కిందికి చాలదు.
ముందు కలిపితే వెనక నాలుగు వేళ్ళ సందు,
వెనక కలిపితే ముందు.
ఇక కప్పునే అడ్డంగా చీల్చి
నడుమ కొత్త రేకు వెయ్యాలి.
తగ్గించడానికి ఇంత అదనం కావాలని
నాకు ఏ బళ్ళోనూ చెప్పలేదు.

ఫిబ్రవరంతా వెల్డింగే.
ఇక్కడో అంగుళం అతికి
అవతలి పక్కకెళ్ళి ఇంకో అంగుళం.
తొందరపెడితే రేకు వేడికి అలిగి ముడుచుకుంటుంది,
తర్వాత ఎంత సుత్తి పట్టినా మాట వినదు.
అద్దం కోత ఆర్షాగ్ పని.
మొదటిది అంచు దగ్గర పగిలింది.
రెండోది, అయిపోయిందనుకుని టీ పోసుకుంటుంటే, తనంతట తానే.
మూడోదానికి వాళ్ళ అర్మేనియన్ భాషలో
చాలాసేపు ఏదో చెప్పాడు.
తిట్టో బతిమాలుడో తెలీదు.
అది తెగింది.

ద్రాక్ష చిగుళ్ళేసే వేళకి మరిసేలా వచ్చింది.
ఇంకా రంగు పడలేదు, బూడిద పూత మీదే ఉంది కారు,
సగం మూసిన కన్నుతో.
లోపల కూర్చుని ముందుకి చూసి
"వీధి చివర సిగ్నల్ కనపడదు" అంది.
"వంగి చూడు."
వంగి చూసింది.
తాతయ్య దేనికీ వంగేవాడు కాదట.
కాగితం సంచిలోంచి ఆయన టోపీ తీసి పెట్టుకోబోయింది,
కప్పు ఒప్పుకోలేదు.
పక్క సీటు మీద పెట్టింది.

అప్పుడడిగింది,
ఆ గుడ్డ ఏది, మరకున్నది?
జనవరిలోనే చెత్తబండికి వేసేశాం.
అబద్ధం ఒకటి నాలిక దాకా వచ్చింది గాని
నిజమే చెప్పాను.
ఆమె స్టీరింగు మీద అరచెయ్యి ఆనించి
కాసేపు అలాగే ఉంది.

గోడకి మేకు, మేకుకి
స్తంభాల్లోంచి కోసి తీసిన ముక్కలు.
తూకానికి అమ్మితే కాఫీ కూడా రాదు.
ఒకదాని మీద నీలం టేపు, నా సుద్దగీత
ఇంకా ఉన్నాయి.
అది తీసి తుడవకుండానే ఇచ్చాను.
నాలుగంగుళాలే కదా,
చేతిసంచిలో పట్టింది.