ఎన్ని బకెట్లు

సీతంపేట దాటి, జీపు ఆగిపోయే చోటు కూడా దాటి,
గెడ్డ మీద వంతెనకి నాలుగో స్తంభం లేపుతున్నాం.
పొద్దున్న ఐదున్నరకి ఇనుము పట్టుకుంటే
అరచేతి గీతలు కనబడని చీకట్లో వదులుతాం.
దుర్యోధన మేస్త్రి ఈల వేస్తే అన్నం,
ఈల వేస్తే మళ్ళీ పని.
నిద్రకి మాత్రం ఎవరూ ఈల వెయ్యక్కర్లేదు.

ఫోను పలికే బండ ఒకటుంది, కొండ మలుపులో.
సవర పిల్లలు దానికి హలో బండ అని పేరు పెట్టేశారు.
మంగళవారం, శుక్రవారం రాత్రుళ్ళు
తలకి టార్చి కట్టుకుని ఎక్కుతాను.
అక్కడ కళింగపట్నంలో తవిటమ్మ ఫోనెత్తుతుంది.
"ఎన్ని?" అంటాను.
"మూడు" అంటాది.

పడవ అడుగున ఊరిన నీళ్ళు అవి, బకెట్ల లెక్కన.
మూడంటే పిల్లకి జ్వరం తగ్గినట్టు.
నాలుగంటే చీటీ డబ్బులు ఇంకా కట్టలేదన్నట్టు.
మిగతావి మేం మాట్లాడుకోం, బ్యాలెన్సు కరిగిపోతుంది.

ఆ పడవ నేనే చేశాను. చూసినవాడికి చెప్పక్కర్లేదు:
కుడి పక్క ఎడమకంటే రెండు వేళ్ళు ఎత్తు.
వేలంలో కొన్న సెంట్రింగు పలకలు,
లోపల ఇప్పటికీ ఎవరి మేడదో సిమెంటు చుక్కలు.
పైన ఫైబరు గుడ్డ పరిచి జిగురు పూసినప్పుడు
ఆ వాసనకి మూడు రోజులు కోళ్ళు పెరట్లోకి రాలేదు.
ఇంజను ఆమదాలవలస రైతు దగ్గరది, ఐదు గుర్రాలది.
ఇరవై ఏళ్ళు నీళ్ళని గట్టు మీదకి తోడింది,
ఇప్పుడు దాన్నే నీళ్ళలోకి తోశాను.
అందుకే కాబోలు, మొదటి పిలుపుకి పలకదు.

ఓ శుక్రవారం
"ఎన్ని?" అన్నాను.
"పదకొండు."
బండ మీదే కూలబడ్డాను.
"ఇరుసు దగ్గర తాడు అరిగిపోయుంటాది. ఊరికే ఉన్న పడవకి తాడెలగ అరుగుతాదే?"
"నానేటెరుగుదును?" అంది.
ఆ వెనక నవ్వులాంటిదేదో, సగంలో సిగ్నలు మింగేసింది.

మేస్త్రి ఒక్క ఆదివారం ఇచ్చాడు, నా మొహం చూడకుండా.
ఖాళీ సిమెంటు లారీలో పాలకొండ,
నిలబడి శ్రీకాకుళం,
ఊళ్ళో దిగేసరికి లైటుహౌసు వెలిగి చాలాసేపయింది.
అన్నం తినకుండా పడవ దగ్గరికే పోయాను.
పని నుంచి తెచ్చిన పాత తాపీతో గుల్లలు గీకాను.
ఫంకా రెక్కకి వల పీసు చుట్టుకుని ఉంది.
డీజిలు డబ్బా సగం.
ఎడమ మేకుకి తగిలించే హేండిలు కుడి మేకుకి వేలాడుతోంది,
పిడికి ఆకుపచ్చ చీర పేలిక, గట్టిగా, మూడు చుట్లు.

తవిటమ్మ టార్చి పట్టుకుని నిలబడింది.
బొటనవేలు వాచి ఉంది.
హేండిలు ఎదురు తంతే ఎక్కడ తగులుతుందో
నా వేలికీ తెలుసు.
నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

గ్రీజు పూసిన కొత్త తాడు చుడుతూ
గొణుక్కున్నట్టు పైకే చెప్పాను:
"మరీ బిగిస్తే ఇరుసు కాలిపోతాది,
వదిలేస్తే ఏరంతా లోపలికొస్తాది,
చుక్క చుక్క పడాల, ఆ మాత్రం పడనియ్యాల.
ముందు ఈ నట్టు పావు చుట్టు..."
రెండో నట్టు దగ్గరికి నా చెయ్యి వెళ్ళేలోపే
వెలుతురు అక్కడికి వెళ్ళిపోయింది.

మంగళవారం మళ్ళీ బండ మీద.
వాన పడి జారుతోంది, బొటనవేళ్ళతో కరుచుకుని కూర్చున్నాను.
"ఎన్ని?"
అంకె రాలేదు.
డుగ్ డుగ్ డుగ్, ఫోను నిండా డుగ్ డుగ్,
మధ్యలో ఒక దెబ్బ కుంటుతూ.
కళ్ళు మూసుకుని విన్నాను.
"టాపెట్ వదులైంది, ఆపీ" అన్నాను.
"తెలుసు. పానా సేతిలోనే ఉంది.
పన్నెండో నంబరా, పద్నాలుగా? బేగి సెప్పు."

కింద మేస్త్రి ఈల. రాత్రి కాంక్రీటుకి మిక్సరు తిరగడం మొదలెట్టింది.
"పద్నాలుగు" అని అరిచాను,
రెండు ఇంజన్ల మధ్య నుంచి.