రెండు కామాలు

పీటర్‌హెడ్‌లో, చేపల మార్కెట్ వెనక,
చర్చి హాల్లో కుర్చీలు వేసేదీ తీసేదీ నేనే.
మంగళవారం రాత్రి ఏడింటికి ఇరవై కుర్చీలు.
వచ్చేది తొమ్మిదిమంది.
అయినా ఇరవై వెయ్యమంటుంది ఐల్సా టీచరు.

హీటర్ దగ్గర నిలబడి నేనూ వింటాను.
అరవై మూడేళ్ళుగా మాట్లాడుతున్న నా ఇంగ్లీషుకి
కీళ్ళున్నాయని అక్కడే తెలిసింది.

ఆ వారం బోర్డు మీద పొట్టి వాక్యం రాసింది:
మనిషి వచ్చాడు.
ఏ మనిషి? అని మమ్మల్నే అడిగింది.
'హూ' అనే చిన్న కొక్కెం తీసి
మనిషి వెనక తగిలించింది.
కొక్కేనికి తడిసిన కోటు,
కోటు జేబులో తాళంచెవి,
ఆ తాళంచెవిని మరిచిపోయిన ఇల్లు.
పెద్ద చేప లాక్కుపోతున్న గాలపు తాడులా
వాక్యం సాగి సాగి
బోర్డు దాటి గోడ మీదికెళ్ళింది.
ఆ గోడకి రంగు వేసింది నేనే. ఏమీ అనలేదు.

వైడోటస్‌కి 'విచ్' అంటే పడదు.
మనుషులకి హూ, వస్తువులకి విచ్,
మరి చేపకో? అన్నాడు.
విచ్, అంది టీచరు.
"రోజుకి మూడు వేల చేపలు నన్ను చూస్తాయి టీచర్,
కత్తి దిగే ముందు.
హూ అనే రాస్తాను."
రాశాడు.
ఎర్ర పెన్ను కాసేపు గాల్లో ఆగి
మూతలోకి వెళ్ళిపోయింది.

ఎతెనెష్ కూర్చునేది వెనక వరసలో,
ఐసు పెట్టెల వాసన వదలని చేతులు ఒళ్ళో పెట్టుకుని.
వాళ్ళ భాషలో ఆ పేరే ఒక వాక్యమట:
నువ్వు మా అక్కవి.
ఆ భాషలో మనిషి చివర్న వస్తాడట.
వానలో తడిసి, రొట్టె చంకన పెట్టుకుని,
ఈల మధ్యలో ఆపేసి, గుమ్మం దాటిన
అని అంతా అయ్యాక గాని
ఎవరన్నది చెప్పరట.
"మీరేమో మనిషిని ముందే నిలబెట్టి
తర్వాత తీరిగ్గా బట్టలు తొడుగుతారు," అంది.
ఐల్సా అందరికంటే ఎక్కువ నవ్వింది.

తర్వాత కామాల సంగతి.
ఉన్నది ఒక్కడే అయితే కామాలు పెట్టాలట.
ఎవరో ముందే తెలుసు గనక ఆ మాటలు అదనం,
తీసేసినా మనిషి మిగులుతాడు.
ఇద్దరో ముగ్గురో ఉంటే కామా వద్దు.
ఆ మాటలే అతన్ని మిగతావాళ్ళలోంచి
ఏరి చూపిస్తాయి.

గోందర్‌లో మినీబస్సు నడిపే తమ్ముడు
ఆదివారాలు ఫోన్ చేస్తాడని రాసింది ఎతెనెష్.
ఇంగ్లీషులోనే, హూ పెట్టి, తప్పు లేకుండా.
ఐల్సా వంగి చూసింది.
"బాగుంది. మరి కామాలు?
నీకు తమ్ముళ్ళెంతమంది?"

అడిగింది వ్యాకరణమే.

ఎతెనెష్ వేళ్ళు రెండు లేచాయి.
ఒకటి ముడుచుకుంది.
మళ్ళీ లేవబోయి సగంలో ఆగింది.
పెన్సిలు తీసి ఒక కామా పెట్టింది.
ఇంకోటి పెట్టింది.
ఈగ కాళ్ళంత సన్నవి.

ఐల్సా నోరు తెరిచి, మూసుకుంది.
వైడోటస్ కిటికీలోంచి హార్బరు దీపాలు చూస్తున్నాడు.
పిల్లలెంతమంది అని ఎవరడిగినా
నేను ముందు దగ్గుతాను.
ఆ రాత్రి ఎవరూ అడక్కుండానే దగ్గాను.

తొమ్మిదింటికి అందరూ వెళ్ళారు.
పన్నెండో కుర్చీ మడుస్తుంటే ఆమె తిరిగొచ్చింది,
చేతితొడుగులు మరిచానంటూ.
తొడుగులు చేతులకే ఉన్నాయి.
"రబ్బరుందా?" అంది.

హాజరు పట్టీ పక్కనున్నది ఇచ్చాను.
నిలబడే చెరిపింది, ఊది, మళ్ళీ చెరిపింది.
"ఇద్దరు," అంది, నాతోనో బల్లతోనో.
తల ఊపాను. అంతకంటే ఏం చెయ్యాలో తెలీలేదు.

హీటర్ ఆపాను. దీపం మాత్రం ఆపలేదు,
ఆమె ఇంకా దాని కింద పట్టుకునే ఉంది గనక,
పెన్సిలు మసి అంటిన,
రెండు చోట్ల నలిగి పలచబడిన,
ఆ రెండు చోట్లా వెలుతురు కారుతున్న,
ఒక్కడి గురించే రాసినా ఇద్దరూ పట్టిన
కాగితం.