ఉప్పు బండి

ఈ ఊరి ఉప్పు తిన్నదాన్ని,
ఈ ఊరికి ఉప్పు చల్లేదాన్ని.
టొలీడో నగరపాలక సంస్థ, మంచు తోసే లారీ, నంబరు నలభై ఒకటి.
మీరు ముసుగుతన్ని పడుకున్నప్పుడు
మీ వీధిలో గరగరమనేది నేనే.

ఫిబ్రవరిలో కోర్టు నుంచి కవరొచ్చింది,
జ్యూరీకి రమ్మని, రాకపోతే జరిమానా అని.
ఎందుకు రాను?
పన్ను కట్టమంటే కట్టాను, ఓటు ఎన్నడూ మానలేదు,
నది పొంగిన ఏడు ఇసుక బస్తాలు మోశాను.
ఫారంలో మూడో ప్రశ్న:
వివాహిత, అవివాహిత, విడాకులు, వైధవ్యం.
"దేనికి టిక్కు పెడుతున్నావు?" అంది బెర్నడెట్,
ఇరవై రెండేళ్ళుగా నాతో ఒకే దుప్పటికి పోట్లాడుతున్న మనిషి.
"అవివాహిత."
"అబద్ధమాడితే శిక్ష అని కింద రాశారు, చూసుకో."
ఇద్దరం నవ్వాం.
ఆమె నవ్వు ముందు ఆగింది.

ధాన్యం గోదాములో బెల్టు తెగి పోయాడు గ్యూలా సాబో.
బోనులో అతని భార్య ఇలోనా.
"పొద్దున్నే నా కారు అద్దం మీద మంచు గీకి పెట్టేవాడు.
ఇప్పుడు నేను గీకను.
కరిగేదాకా లోపల కూర్చుంటాను."
లాయరు ఇంకేదో అడగబోతే తల అడ్డంగా ఊపింది.

జడ్జిగారు కాగితం చూసి చదివారు:
కోల్పోయిన సాహచర్యం, ఓదార్పు, సలహా, ప్రేమ,
వీటికి డాలర్లలో వెల కట్టవలసింది మీ ఎనిమిది మంది.
ఆ నష్టం ఎవరెవరికి కలుగుతుందో కూడా చదివారు:
భర్తకి, భార్యకి, బిడ్డలకి, తల్లిదండ్రులకి, దగ్గరి చుట్టాలకి.
చివరిదాకా విన్నాను.
ఇంకో పేజీ ఉందేమోనని ఆయన చేతుల వైపు చూశాను.

లోపలి గదిలో కాఫీ మాడింది.
టైర్ల కొట్టాయన నలభై వేలన్నాడు.
బడి టీచరు అరవై అంది, కాలిక్యులేటరు తీసింది.
నాకా గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో:
"చలికాలానికి తొంభై పొద్దులు, ముప్పై ఒక్క చలికాలాలు.
అది ఒక్క అద్దం లెక్కే.
గుమ్మంలో బూట్లు దులిపే చప్పుడు ఉంటుంది,
అది వినపడని రాత్రి
సూపు ఎన్నిసార్లు మళ్ళీ వేడి చేస్తారో, అదీ వెయ్యండి."

"మీ ఆయన ఏం చేస్తాడమ్మా?"
టైర్లాయన, చాలా మర్యాదగా.
సోమవారం కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసి ఉన్నాను.
"డయాలసిస్ నర్సు. ఆయన కాదు, ఆమె."
కాఫీ మెషీను దగ్గింది.
టీచరు కాలిక్యులేటరు నా వైపు జరిపింది.
ఆరుగురు ఒప్పుకుంటే చాలన్నారు, ఏడుగురు ఒప్పుకున్నారు.
మెట్లు దిగుతుంటే కింద అంతస్తులో
పెళ్ళి లైసెన్సుల కిటికీ దగ్గర ఇరవయ్యేళ్ళ పిల్లలిద్దరు,
ఫీజుకి చిల్లర వెతుక్కుంటున్నారు.
రెండు డాలర్లు తక్కువైతే నేనిచ్చాను.

ఆ రాత్రి తొమ్మిది అంగుళాలు పడింది.
టైర్ల కొట్టు నా రూటులోదే.
బ్లేడు తోసిన మంచు గట్టుకట్టి వాకిళ్ళకి అడ్డం పడుతుంది,
దానికెవరూ ఏమీ అనరు, అది మామూలే.
అతని షట్టరు ముందు బ్లేడు ఎత్తాను.
ఎత్తకూడదనుకుంటూనే ఎత్తాను.
రెండో తిరుగుడులో ఉప్పు ఇంకో గుప్పెడు ఎక్కువే పడింది,
లెక్క రాసేవాళ్ళు రాసుకోండి.

ఏడు దాటాక ఇంటికొచ్చాను.
వంటింట్లో దీపం వెలుగుతోంది.
గుమ్మంలో బూట్లు దులిపాను,
రోజూకన్నా గట్టిగా.