తెల్లంగి

రామ్‌కోఠి మూలమీద నా ఇస్త్రీ బండి.
బల్ల ఒక్కటే.
దానిమీదనే ఎస్సై సారు ఖాకీ,
ఆనుకొని చర్చి అయ్యగారి తెల్లంగి.
ఖాకీకి గంజి దండిగుండాలె,
తెల్లదానికి సెగ తగ్గాలె.

"గీ అంగీ కాడనే లచ్చవ్వా,
నాలుగున్నర వందల ఏండ్ల కింద, లండన్‌ల,
ముప్పై ఏడుగురు అయ్యగార్లు
ఒక్కనాడే కొలువు పోగొట్టుకున్నరు"
అన్నడు విజయానందం అయ్యగారు.
"రాణి తొడగాలె అన్నది.
గ్రంథంల లేదు, మేం తొడగం అన్నరు వీళ్లు."

బొగ్గులు ఊదుకుంట అడిగిన:
"బట్ట కోసం పెండ్లాం పిల్లలను పస్తు పెట్టిన్రా?"
"బట్ట కోసం కాదు.
ఎవరు చెప్తే తొడగాలె అని."

ఆయన రూపాయలిచ్చి పోయిండు.
మాట పోలె.

పోయిన ఎలక్షన్ల
ఎవరో పోరగాండ్లు మోటరు దిగి
నా మెడల కండువ ఏసిన్రు.
అడగలె.
నేను తియ్యలె.
పక్క పండ్ల బండి మల్లేశు తీసిండు.
మున్సిపాలిటీ లారీ ఆయన బండినే ఎత్కపోయింది,
నాది ఈడ్నే ఉన్నది.

ముప్పై ఏడుగురి పెండ్లాలు
ఆ రాత్రి పొయ్యిమీద ఏం పెట్టిన్రో.

తెల్లంగి కుచ్చులు ఒక్కొక్కటే సర్దుతున్న.
పెట్టె అడుగుకు మసి.
బల్ల కింద చెయ్యి పెడితే
కండువ దొరికింది.
దాంతోనే తుడిచిన.