ఇతరాలు

కర్నూలు, బీ క్యాంపు, మెట్ల కింద గది.
కిటికీ లేదు. ఏసీ ఉంది,
అది ఆ నల్లపెట్టె కోసం, నా కోసం కాదు.
వెనక నలభై ఎనిమిది తీగలు.
జిల్లా అంతా వచ్చి దాని నడుముకు వేలాడుతుంటుంది.

పాత పెట్టెకు ఒక్కటే బుద్ధి.
ముందొచ్చింది ముందు పోవాలి,
నిండితే పారబొయ్యాలి.
ఎవరిదని అడగదు. గంపగుత్త బేరం.
దీనికైతే బుద్ధి మనమే రాసి పెట్టొచ్చు.
ఒక్కో పారుదలకూ ఒక్కో పేరు, ఒక్కో వరస,
ఇంత జాగా, ఇంత ఓపిక,
సెకనుకు ఇన్ని చీటీలు.
చీటీ ఉన్నవాడే గడప దాటాలి.

రాత్రి కాపలాకు బొజ్జన్న వస్తాడు.
ఇరవై తొమ్మిదేళ్లు కేసీ కాలువ మీద లస్కరు.
టార్చి పెట్టె మీదికి కొట్టి
"ఇది ఏం జేస్తాదిమా?" అన్నాడు.
"నీ పనే," అన్నాను.
నవ్వలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

చెప్పాను.
కలెక్టరాఫీసు మీటింగు బొమ్మ,
యార్డులో ఉల్లిగడ్డ రేటు,
ఆదోని పత్తి వేలం,
హాస్టలు పిల్లోళ్ల పరీక్షలు, పరీక్షలయ్యాక వాళ్ల తుపాకుల ఆట,
అన్నీ ఒకే గొట్టంలో కలిసొస్తాయి.
ఇక్కడ పాయలు తీస్తాను.
"తలకాడోడు మడవ తెంపితే?"
తెంపలేడు. చీటీలు అయిపోతే
వాడి వరసలో వాడే నిలబడతాడు,
పక్కోడి గట్టుకు తడి కూడా తగలదు.
"కాలవకు ఆ తెలివుంటే
నాకీ కాలు ఇరిగేది గాదు,"
మోకాలు తడుముకున్నాడు.
ఎప్పుడు, ఎవరు కొట్టారని నేనడగలేదు.

తరవాత, చాలాసేపటికి,
"వంతుల పుస్తకం ఎవురు రాసినారు?"
నేనే.
"ఎవుర్ని అడిగి?"

ఏసీ చప్పుడు.

"కడగొట్టు మడి ఏదిమా, సూపీ."
పదిహేడు వరసలు. పదహారింటికి పేర్లున్నాయి.
చివరిదాన్ని నేను ఇతరాలు అన్నాను.
పేరు దొరకనివాళ్లందరికీ కలిపి
నూటికి రెండు పాళ్లు. అది రాసిన రోజు
టిఫిను చల్లారుతోందని తొందరలో ఉన్నాను.

ఇన్నాళ్లకు తెరిచి చూశాను.
పత్తికొండ ఆస్పత్రి.
సాయంత్రాలు గుండె గీతలు పంపుతోంది.
చిన్న పారుదల, పెళ్లి ఫోటోలో పదో వంతు ఉండదు.
మీటింగు బొమ్మ పెద్దదైనప్పుడల్లా
గీత నడిమికి తెగింది.
మళ్లీ పంపారు. మళ్లీ తెగింది.
నాలుగు రోజుల్లో ముప్పై ఒక్క సార్లు.
ప్రతిదాని పక్కనా యంత్రం ఒకే మాట రాసింది:
పారబోయబడింది.
చేసిన చెయ్యి కనపడని వ్యాకరణం.
ఆ చెయ్యి నాది, ఇడ్లీ అంటిన చెయ్యి.

ఆ గీతలు ఎవరివో నాకు తెలీదు.
ఫోన్ చేసి కనుక్కునే ధైర్యం లేదు.
పద్దెనిమిదో వరస రాశాను,
పదకొండు లైన్లు. దాని జాగా దానిదే,
ఎవరు పొంగినా దాని చీటీలు ముట్టకూడదు.
రేపు మీటింగులో బొమ్మ మసకబారుతుంది.
పైనుంచి ఫోనొస్తుంది. రానీ.

బొజ్జన్న ఊరికే చూస్తున్నాడు.
"అయిపాయనా? అందరికీ పేర్లు పెడితివా?"
లేదు. ఇంకొకటి మిగిలింది.
కోసిగి దిక్కునుంచి, పదకొండు నిమిషాలకోసారి,
ఆవగింజంత. పేరు లేదు, ఊరు సరిగ్గా లేదు.
వాన కొలిచే గిన్నో,
ఎండిన బోరు మీద ఎవరో మరిచిపోయిన యంత్రమో.
తెలియనివి తెంపెయ్యమని గోడ మీద కాగితం,
అడుగున మా ఆఫీసరు సంతకం.

"చివరి తూముకాడ నీళ్లు రావని తెల్సినా
నేను పోయి నిలబడేటోణ్ణి," అన్నాడు బొజ్జన్న,
"ఎవురన్నా వొచ్చి అడుగుతారేమోనని.
వొచ్చినోడికి లేదని సెప్పేకైనా ఒక మనిషుండాల గదా."
లేచి, కాలీడుస్తూ, గేటు వైపు పోయాడు.

నాలుగూ ఏడు.
ఇతరాల వరసలో దీపం
ఒక్కసారి పచ్చగా కొట్టుకుంది.
దానికో చీటీ చింపి ఇచ్చాను.