ఇవతలి కొస

వాలై చేపల వేట తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులు.
రెయినీ సరస్సు మీద మంచు నిన్ననే విరిగింది.
రేవు దగ్గర పుల్లలు పుల్లలుగా చీలిన గడ్డలు
ఒకదాన్నొకటి రాసుకుంటూ
గాజుల మలారంలా గలగలమంటున్నాయి.

ఆర్విడ్ లక్సో నా కొట్లోకి వచ్చి
టోపీ తీయకుండానే అన్నాడు:
"నాకు తెలీకుండా ఎర తినిపోతున్నాయి, మార్నా."

నలభై ఏళ్లు కాగితం మిల్లులో అరిగిన చేతులు.
కుడి చూపుడువేల్లో ఒక కణుపు రోలరుకి ఇచ్చేశాడు.
మిగతా వేళ్లు ఉన్నాయి, ఉన్నాయంటే ఉన్నాయి.
పోయిన చలికాలం నుంచి మొద్దుబారాయి.
చక్కెర జబ్బు అంటుందట డాక్టరమ్మ.
చొక్కా గుండీలు కూడా
కళ్లతో చూస్తూ పెట్టుకోవాలట.

వాలై గుంజే చేప కాదు.
పైక్ అయితే తలుపు బాదే అప్పులవాడు.
ఇదేమో నిద్రపోయిన పిల్ల చేతిలోంచి
గిలక్కాయ తీసుకునే తల్లి.
దారం కొసన బఠాణీ గింజంత సీసం,
దాని బరువు ఒక్కోసారి కాస్త పెరుగుతుంది,
ఒక్కోసారి ఉన్న బరువే మాయమవుతుంది.
అంతే కబురు.
విన్నవాడికి కూర, విననివాడికి ఖాళీ కొక్కెం.

గోడకి ముప్పై రెండు కర్రలు.
ఖరీదైనదే ముందు దించాను,
అమ్ముకునే బుద్ధి ఎక్కడికి పోతుంది.
గ్రాఫైటు. ఈకంత తేలిక.
కొస మాత్రం వంగుతుంది, నడుము వంగదు.
రెండువేల సైజు రీలు బిగించి
వేలి మీద ఆపి చూపించాను, త్రాసు ముల్లులా నిలబడింది.
ముందుకి తూలే కర్ర అయితే
పొద్దుగూకేసరికి మణికట్టు తిట్టిపోస్తుంది.
నైలాను దారం వద్దన్నాను.
సాగే దారం దారిలోనే సగం కబురు మింగేస్తుంది.
అల్లిక దారం ఎక్కించాను,
పది పౌన్లది, సన్నంగా, గడ్డిపచ్చ రంగు.

"కళ్లు మూసుకో.
తగిలినప్పుడు ఇప్పుడు అను."

దారం కొస పట్టుకుని
ఎర చేపల తొట్లు దాటి,
ఐసు పెట్టె దాటి,
వెనక గోడదాకా నడిచాను.
రెండు వేళ్లతో మీటాను.
అతను నిలబడ్డాడు.
మళ్లీ మీటాను.
తొట్లో పంపు బుడబుడమంటోంది.
అతని చెవులు ఎర్రబడ్డాయి.

రెండో కర్ర.
మూడోది, మూడువందల డాలర్లది.
పడవలో పక్కవాడికి కూడా తెలిసేంత గట్టిగా
లాగాను ఒకసారి, జాలిపడి.
"అలా లాగకు," అన్నాడు. "అది వాలై కాదు. నువ్వు."

నాకు సిగ్గేసింది.

మూల చీపుళ్ల పక్కన ఒకటుంది,
రెండేళ్ల కిందటి సరుకు, చీటీ చిరిగింది,
పిడి మరీ పొడుగని ఎవరూ ముట్టలేదు.
కార్కు మీద దుమ్ము తుడిచి ఇచ్చాను.
వేళ్లతో పట్టుకోబోయాడు.
"వేళ్లని వదిలెయ్, వాటి ఉద్యోగం అయిపోయింది.
పిడి మడమని మోచేతి దగ్గర ఎముకకి ఆనించు.
చొక్కా చెయ్యి పైకి మడుచు."

తెల్లటి ముంజేయి, లోపలివైపు,
ముప్పై ఏళ్లుగా ఎండ చూడని చోటు.

వెనక గోడ దగ్గరికి వెళ్లాను.
ఈసారి దారాన్ని లాగలేదు,
దాని మీద ఊరికే వేలు పెట్టి తీశాను.

"ఇప్పుడు."

చాలాసేపు ఆగాను, కావాలనే.
మళ్లీ, ఇంకా తక్కువగా.

"ఇప్పుడు."

మూడోసారి నేనేమీ చేయలేదు.
ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.
అతని కనుబొమలు దగ్గరయ్యాయి,
తల ఒక పక్కకి వంగింది.

"ఇప్పు..." అని ఆగాడు.
"కాదు. ఇది చేప కాదు."

అప్పుడు వినబడింది నాకు,
ఎక్కడో వంతెన అవతల
గేరు మార్చుకుంటున్న దుంగల లారీ.