నడిమి అక్షరం లేని మాట

కంచరపాలెం పాలిటెక్నిక్, మూడో ల్యాబ్.
నాలుగున్నర దాటింది. ఏసీ ఆపేశాను.
కిటికీ తీస్తే గూడ్సు బండి చప్పుడూ
ఇనుప ఖనిజం ఎర్రదుమ్మూ కలిసే వస్తాయి.
కీబోర్డులు తుడిచే గుడ్డ ఎన్ని ఉతుకులకీ తెల్లబడదు.

సూరాడ నూకరత్నం ఇంకా లేవలేదు.
ఫస్టియర్. పెదజాలరిపేట.
"ఏటయింది సార్ దీనికి? పొద్దున్న ఆ మూల సిస్టమ్‌లో
సరిగ్గా సెప్పింది. ఇక్కడ మాట మారిస్తంది."

పదకొండు లైన్లు.
మాటని రెండు చివర్లా పట్టుకోవాలి.
అటు అక్షరం, ఇటు అక్షరం ఒకటే అయితే
లోపల మిగిలిన మాటని
మళ్ళీ తనకే ఇచ్చి చూడమనాలి.
తనని తాను పిలుచుకునే పని.
నేర్చుకున్న ఏడాది నాకూ అర్థం కాలేదు,
అయినట్టు తలూపాను.

"ఎనిమిదో లైను. లోపలివాణ్ణి పిలిచావు, బాగుంది.
వాడు జవాబు చెప్పాడు. ఆ జవాబు ఏం చేశావు?"

పెన్ను మూత కొరుకుతూ చాలాసేపు.
తర్వాత నాతో కాదు, తెరతో అంది:
"బోటు అడుగునుంచి గట్టుదాకా వరసగా నిలబడి
సేపల బుట్ట సేతులు మార్సుకుంటాం.
నడిమినొకడు అందుకుని
కిందెట్టీసి ఊరుకుంటే..."

"ఆ ఒకడు నీ ఎనిమిదో లైను."

రిటర్న్ అని ఒక్క మాట కొట్టింది.
పొద్దున సరిగ్గా చెప్పడం తెలివి కాదు:
కిందపెట్టిన బుట్టని
పైవాడు చూడకుండానే ఎత్తుకున్నాడు, అంతే.

మేడమ్ అని ఎక్కించింది. ఒకటి.
అమ్మ అని ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కించింది. సున్న.
"అమ్మకి నేదంటంది సార్!"

నాలుగో లైను: ఇద్దరూ ఒకే అక్షరం మీదికొస్తే ఆగు.

సుద్దముక్క తీశాను.
కోస్టల్ బ్యాటరీ దగ్గర బయల్దేరి ఒకడు,
సబ్‌మెరైన్ దగ్గర బయల్దేరి ఒకడు,
బీచ్ రోడ్డు మీద ఎదురెదురుగా.
మేడమ్‌కి నడుమ ఒక డి ఉంది, అక్కడ కలుస్తారు.
అమ్మకి నడుమ ఎవరూ లేరు,
రెండు ఎమ్‌ల మధ్య ఉత్త సందు.
ఒకరినొకరు దాటేస్తారు. దాటామని తెలీదు.
ఒకడు భీమిలి వైపు,
ఒకడు హార్బరు ఛానెల్ నీళ్ళలోకి,
తమవి కాని అక్షరాలు చదువుకుంటూ.

"ములిగిపోతారు."
"ఆ లోపు ఏదో ఒకటి వాగుతారు. అదే నీ సున్న."

ఒక సమానం గుర్తు చెరిపి
దాని చోట పెద్దదనే కొక్కెం పెట్టింది.
కలిసినా ఆగు. దాటినా ఆగు.

అమ్మ, ఒకటి.
అక్క. అన్న. అత్త. అవ్వ. అయ్య.
"సార్, సుట్టాలందరూ వచ్చీసినారు!"
మన లిపిలో వీళ్ళలో ఒక్కరూ తిరగబడరు,
అమ్మని వెనక నుంచి చదివితే నోరు తిరగదు.
ఈ కుర్చీలో పద్నాలుగేళ్ళున్నాను,
ఈ సంగతి నా కంటపడలేదు.

అప్పుడు వికటకవి కొట్టమన్నాను.
సున్న.
మళ్ళీ మొదటి లైను నుంచి వెతికింది. వెతకనిచ్చాను.
గుడ్డతో మౌసులు తుడుస్తూ ఆమె వీపు చూస్తున్నాను.
చివరికి చేతులు కీబోర్డు మీంచి తీసేసింది.
"పోగ్రాం మంచిదే సార్.
మనం ఎక్కించిన అక్షరాలు ఆ మాటవి కావు."

నాన్న అని కూడా కొట్టి చూసింది. సున్న.
"ఆయన ఓ పట్టాన దేనికీ ఒప్పుకోడు లెండి,"
అని బ్యాగు భుజానేసుకుంది.

నేను తాళం వేసి గేటు దాకా వచ్చేసరికి
ఖాళీ గూడ్సు వెనక్కెళ్తోంది.
యాభై ఎనిమిది పెట్టెలు లెక్కపెట్టాను.
సరిసంఖ్య.
నడిమి పెట్టె లేదు.